698 మోనోను ట్రాక్‌కి సిద్ధం చేయాలి, ముందు ఏది ముట్టుకోవాలి?

కొర్లగుంట 698

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. నా దగ్గర డుకాటి హైపర్‌మోటార్డ్ 698 మోనో ఉంది, బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రోడ్డు మీద దీనికి వంక పెట్టడానికి లేదు. ఒక్క సిలిండర్, 659 సీసీ, 77.5 హార్స్ పవర్, పెట్రోలు లేకుండా బరువు 151 కిలోలు. పొద్దున్నే చంద్రగిరి దాకా వెళ్లొస్తే ఆ రోజంతా హుషారుగా ఉంటుంది.

చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డేలకు (మన బండి మనం నడుపుకునే రోజులు) కూడా ఇదే బండి తీసుకెళ్తున్నాను. అక్కడే ఇబ్బంది మొదలవుతోంది. గట్టిగా బ్రేక్ పట్టగానే ముందు భాగం బాగా కుంగుతుంది, వెనక చక్రం తేలిపోయినట్టు అటూ ఇటూ పోతుంది. బ్రేక్ వదిలి బండిని వంచే సమయానికి ముందు భాగం మళ్లీ పైకి లేస్తుంది, అనుకున్న లైను తప్పిపోతుంది. రెండోది, స్ట్రెయిట్ చివర సీ1 మలుపులోకి ఫుల్ స్పీడుతో దిగుతుంటే హ్యాండిల్ మెల్లగా ఊగుతుంది. భయపడేంత కాదు గానీ, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

స్నేహితులు తలా ఒకటి చెబుతున్నారు. టెర్మిన్యోని రేసింగ్ ఎగ్జాస్ట్ వేస్తే 84.5 హార్స్ పవర్ వస్తుంది, ముందు అది చెయ్యమని ఒకరు. వెనక 180 టైరు వేస్తే గ్రిప్ పెరుగుతుందని ఇంకొకరు. హ్యాండిల్ తీసేసి క్లిప్-ఆన్లు (ఫోర్కు పైపులకే బిగించే పొట్టి హ్యాండిళ్లు) పెట్టమని మూడో ఆయన. నా బడ్జెట్ లక్షన్నర, అంతకు మించి ఇప్పట్లో కుదరదు. ఏది ముందు, ఏది తర్వాత? లేత్ పని తిరుపతిలో అవుతుందా, చెన్నై పోవాలా? అనుభవం ఉన్నవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పుత్తూరు రైడర్

బ్రదర్, టైరు సంగతి ఒక్కటి చెప్పి పక్కకు తప్పుకుంటా, మిగతాది తెలిసినవాళ్లు చెబుతారు. 180 వద్దు. నీ వెనక రిమ్ వెడల్పు 5 అంగుళాలు, దానికి సరైన సైజు 160/60. 180 టైరుకి 5.5 అంగుళాల రిమ్ కావాలి. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి లాక్కుపోయి పైభాగం గుండ్రంగా ఉబ్బుతుంది. బాగా వంచినప్పుడు నేలకి ఆనే రబ్బరు నువ్వు అనుకున్నట్టు ఉండదు. పైగా బరువు పెరుగుతుంది, బండి తిరగడానికి బద్ధకిస్తుంది. తేలికైన బండి కొన్నదే చకచకా తిరగడానికి కదా. 160లోనే మంచి ట్రాక్ టైరు వేసుకో. స్లిక్ (గాడులు లేని రేసు టైరు) కావాలంటే సూపర్‌మోటో, అంటే నీ బండి లాంటి పొడుగు సస్పెన్షన్ బండ్ల కోసమే 165 సైజులో చేసేవి ఉన్నాయి.

ఇంకో మాట. అద్దాలు, ఇండికేటర్లు తీసేసి క్లిప్-ఆన్లు పెట్టిన బండిని రోడ్డు మీద నడపొద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అది నేరం, ఇన్సూరెన్స్ కూడా చిక్కుల్లో పడుతుంది. పికప్‌లో కట్టుకుని తీసుకెళ్లు. నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా శ్రీపెరంబుదూరు చేరుకోవచ్చు, తెల్లవారుజామున బయలుదేరితే హాయిగా అందుకుంటావు. సెట్టింగ్ చూస్తానని భాకరాపేట ఘాట్‌కి మాత్రం దయచేసి పోవద్దు. అక్కడ బస్సులు, లారీలు ఎలా తిరుగుతాయో మనందరికీ తెలుసు.

చిత్తూరు టర్నర్

తమ్ముడూ, నువ్వు రాసింది చదివితే జబ్బు ఏందో నువ్వే చెప్పేశావు. బ్రేక్ పట్టగానే కుంగడం, వదలగానే లేవడం, స్పీడులో ఊగడం. ఈ మూడూ ఇంజన్‌కి సంబంధించినవి కావు. కాబట్టి లక్షన్నరలో ఒక్క రూపాయి కూడా ఎగ్జాస్ట్ మీద పెట్టొద్దు. నేను చిత్తూరులో లేత్ నడుపుతా, రేస్ బండ్లకు స్పేసర్లు (ఎడం కోసం వేసే గుండ్రటి ముక్కలు), బ్రాకెట్లు చేసిస్తుంటా, ఇరుంగాట్టుకోట్టై ప్యాడక్‌లో బండ్ల కింద పడుకుని పని చేసినవాణ్ణి. పొడుగు ఫోర్కు బండిని ట్రాక్‌కి తెచ్చిన ప్రతి కుర్రాడికీ నేను చెప్పేది ఒకటే: మొదట ఫోర్కు, తర్వాత వెనక షాక్ (సస్పెన్షన్), ఆ తర్వాత బ్రేకు. ఇంజన్ చివర్న, అది కూడా అవసరమైతేనే.

ఎందుకో లెక్క చూడు. నీ బండి ముందు ఫోర్కు ట్రావెల్, అంటే అది పైకీ కిందికీ కదిలే దూరం, 215 మి.మీ., వెనక చక్రం ట్రావెల్ 240. మామూలు స్పోర్ట్ బైకుకి ఇది 120, 130 దగ్గర ఉంటుంది. వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) 1443 మి.మీ., రేక్ (ఫోర్కు వాలిన కోణం) 26.1 డిగ్రీలు. గట్టిగా బ్రేక్ పట్టినప్పుడు ఫోర్కు 100 మి.మీ. దిగిందనుకో, వెనక కదలకుండా ఉన్నా రేక్ దాదాపు 22.5 డిగ్రీలకు వచ్చేస్తుంది. నిజానికి వెనక కూడా పైకి లేస్తుంది కాబట్టి ఇంకా తగ్గుతుంది. అంటే బ్రేక్ మీద ఉన్నప్పుడు నీది ఒక బండి, వదిలాక ఇంకో బండి. మలుపులోకి దిగే క్షణంలో కోణం మూడు నాలుగు డిగ్రీలు మారిపోతుంటే లైను ఎలా నిలబడుతుంది? సూపర్‌మోటో రేసుల్లో మట్టి, జంపులు ఉంటాయి, అందుకే ఆ పొడుగు. మనకి ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్లు మొత్తం తారే, జంపు ఒక్కటి లేదు.

చేయాల్సింది ఇది. ఫోర్కు విప్పి, లోపలి కాట్రిడ్జ్‌లో (ఫోర్కు కదలికను అదుపు చేసే గొట్టం) రాడ్ బయటికి రాకుండా ఆపే వైపు ఒక స్పేసర్ వేయాలి. డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) గానీ అల్యూమినియం గానీ, చివరలు బాగా చదునుగా ఉండాలి. స్పేసర్ ఎంత పొడవో ఫోర్కు అంత పొట్టి అవుతుంది. 65 మి.మీ. వేస్తే ట్రావెల్ 150 అవుతుంది, నా లెక్కలో నీకు అది సరిపోతుంది. ఇక్కడే చాలామంది ఒక విషయం వదిలేస్తారు. స్పేసర్ వేయగానే స్ప్రింగ్ కూడా అంతే నొక్కుకుపోతుంది, అంటే నీకు తెలియకుండానే 65 మి.మీ. ప్రీలోడ్ (స్ప్రింగ్ మీద ముందే ఉండే నొక్కుడు) పెరిగిపోతుంది. అప్పుడు ఫోర్కు కర్రలా బిగుసుకుపోతుంది, కుర్రాడు డ్యాంపింగ్ స్క్రూలు తిప్పుకుంటూ రోజంతా గడిపేస్తాడు. స్ప్రింగ్ పైన ఉండే ప్రీలోడ్ గొట్టాన్ని అంతే పొట్టి చేయాలి. కంపెనీ గొట్టం కోయొద్దు, దాచిపెట్టు, కొత్తది నేను చేసిస్తా. రేపు బండి అమ్మాలంటే అసలు ముక్కలు అసలు లాగే ఉండాలి.

స్ప్రింగ్ కూడా గట్టిది వేయాలి. తక్కువ దూరంలో అదే బ్రేక్ బరువు మోయాలి కదా. ఏ రేటు అనేది గేర్ వేసుకున్న నీ బరువు తెలిస్తేనే చెప్పగలను. సాగ్, అంటే బరువుకి ఫోర్కు కుంగే దూరం, గుర్తు పెట్టుకో: పూర్తి గేర్‌తో నువ్వు కూర్చుంటే ముందు 35 నుంచి 40 మి.మీ. దిగాలి.

65 మి.మీ. కిందికి పోతే ఫుట్‌పెగ్‌లు నేలకి రాసుకుంటాయని కంగారు పడొద్దు. ఇప్పుడు నువ్వు కూర్చుంటే ఫోర్కు దాదాపు మూడో వంతు, అంటే 70 దిగుతోంది. మార్చాక 65 పొట్టి అయి, కూర్చుంటే 35 దిగుతుంది, మొత్తం 100. అంటే నిజంగా నువ్వు నడిపేటప్పుడు ముందు భాగం తగ్గేది 30 మి.మీ. మాత్రమే. వెనక 20, 25 దించితే చాలు, అంతకు మించి వద్దు. వెనక మరీ దించితే స్వింగ్ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) చదునుగా పడుకుంటుంది, మలుపు నుంచి థ్రాటిల్ తెరవగానే చైను లాగే బలం వెనకని నిలబెట్టలేదు, బండి కూర్చుండిపోయి ముందు చక్రం బయటికి జారుకుంటుంది.

బిగించేముందు ఒక పరీక్ష తప్పకుండా చెయ్యి. రెండు స్ప్రింగులూ తీసేసి, ఫోర్కును చక్రంతో సహా పూర్తిగా పైకి తోసి చూడు. టైరుకి రేడియేటర్‌కి మధ్య, మడ్‌గార్డ్‌కి కింది టీకి (ఫోర్కు పైపులను పట్టుకునే క్లాంపు) మధ్య వేలు దూరుతోందా? హ్యాండిల్ రెండు వైపులా తిప్పి కూడా చూడు. ఫోర్కు పైపులను టీలో పైకి జరిపి ఇంకొంచెం దించాలనుకునేవాళ్లకి ఈ పరీక్ష ప్రాణం లాంటిది, ఎందుకంటే అలా జరిపితే ట్రావెల్ తగ్గదు, టైరు రేడియేటర్‌కి దగ్గరవుతుంది. స్పేసర్‌తో చేస్తే ఆ ప్రమాదం లేదు, అయినా చూడు.

సీ1లో ఊగడానికి సగం కారణం ఫోర్కు అయితే మిగతా సగం నీ చేతులు. వెడల్పు హ్యాండిల్, నిటారు కూర్చోవడం, ఎదురుగాలి. గాలి నీ ఛాతీని వెనక్కి తోస్తుంది, నువ్వు హ్యాండిల్ పట్టుకుని వేలాడతావు, ఆ లాగుడంతా ముందు చక్రానికి పోతుంది. ట్యాంకుకి రెండు వైపులా రబ్బరు గ్రిప్ ప్యాడ్లు అతికించు. సూపర్‌మోటో ట్యాంకు సన్నం, మోకాళ్లకు ఆధారం దొరకదు, బ్రేక్ పట్టినప్పుడు బరువంతా మణికట్టు మీద పడుతుంది. ఈ ప్యాడ్లకి పెద్ద ఖర్చు కాదు, కానీ లాభం మాత్రం చాలా ఉంటుంది.

లేత్ పనికి చెన్నై అక్కర్లేదు. ఈ స్పేసర్లు, గొట్టాలు తిరుపతిలో మంచి టర్నర్ ఎవరైనా చేస్తాడు. కొలత సరిగ్గా ఇవ్వడమే నీ పని.

కొర్లగుంట 698

అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్. ఆ ప్రీలోడ్ గొట్టం సంగతి నేను విననే లేదు. నా బరువు గేర్‌తో 84 కిలోలు.

రెండు డౌట్లు. క్లిప్-ఆన్లు ఎప్పటికీ వద్దంటారా, ఇప్పుడు వద్దంటారా? ఆన్‌లైన్‌లో 45 ఎంఎం ఫోర్కుకి సరిపోయేవి చూసి పెట్టుకున్నాను, ధర కూడా తక్కువే. రెండోది, ముందు ఒకటే డిస్క్ ఉంది. రేసింగ్‌కి రెండో డిస్క్ పెట్టించాలా?

చిత్తూరు టర్నర్

ఆ ఆర్డర్ ఆపు తమ్ముడూ! 45 అనేది కింద మెరుస్తూ కనిపించే లోపలి పైపు సైజు. మీది తలకిందుల ఫోర్కు, పైన టీ పట్టుకునేది బయటి పైపుని, అది ఇంకా లావు. క్లిప్-ఆన్ పట్టుకోవాల్సింది కూడా దాన్నే. వెర్నియర్ పెట్టి పై టీకి పైన ఒకసారి, కింద ఒకసారి కొలువు, చాలా ఫోర్కులకి ఆ పైపు అంతటా ఒకే సైజు ఉండదు. కొలిచాకే కొనాలి. బోరు అర మి.మీ. ఎక్కువైనా బిగించినప్పుడు రెండు చోట్లే పట్టుకుంటుంది, పైపు మీద గాటు పడుతుంది. ఒక వర్క్‌షాపులో అలా చేసిన క్లాంప్‌తో ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు, పైపు మార్చక తప్పలేదు.

ఇప్పుడు వద్దంటాను, ఎప్పటికీ కాదు. క్లిప్-ఆన్ పెడితే చేతులు కిందికి, ముందుకి పోతాయి. అప్పుడు ఫుట్‌పెగ్‌లు కూడా వెనక్కి, పైకి రావాలి, లేకపోతే నడుము మడతపడి కూర్చున్నట్టు ఉంటుంది. పెగ్ వెనక్కి పోతే గేర్ లింకు, బ్రేక్ లివర్ మారాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు బొటనవేలు ట్యాంకుకి తగలకుండా స్టాప్‌లు సరిచేయాలి. ఒకటి మొదలుపెడితే నాలుగు పనులు. ఫోర్కు, షాక్ సరిచేసి, ఒక సీజన్ నడిపి, ల్యాప్ టైమ్ ఇంక తగ్గట్లేదు అనిపించినప్పుడు ఆలోచిద్దాం. అప్పటిదాకా ఇదే హ్యాండిల్‌ను రెండు చివరలా కొంచెం కోసి వాడుకో, స్పేర్ బార్ కొని దాన్ని కోయి.

డిస్క్ ఒకటి చాలు. 330 మి.మీ. డిస్క్, నీ బరువు కలిపినా తేలికైన బండి, వెనక చక్రం ఎత్తేంత బ్రేక్ ఇప్పుడే ఉంది. రెండో డిస్క్ పెడితే చక్రం బరువు పెరిగి బండి తిరగడం మందగిస్తుంది. కావాల్సింది వేడి తట్టుకోవడం. ప్యాడ్లు ట్రాక్‌వి వెయ్యి, ఆయిల్ మార్చు. మామూలు డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క, తేమ పీల్చుకున్నాక అది 155కి పడిపోతుంది. చెన్నై పక్కన ఆ ఉక్కపోతలో ఆయిల్ తేమ పీల్చడానికి ఎంతో కాలం పట్టదు. రేసింగ్ ఆయిల్ పోసి, తరచుగా మార్చు. లివర్ మెత్తబడుతోందంటే అదే సూచన.

పలమనేరు పాతకాపు

బాబూ, ఈ టర్నర్ గారు చెప్పిన వరస సరైనదే. ఇంజన్ ముట్టుకోవద్దు అనడానికి నా వైపు నుంచి ఒక ఆధారం ఇస్తాను.

నీ ఇంజన్ బోరు (సిలిండర్ వెడల్పు) 116 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 62.4. ఆ బోరు డుకాటి స్పోర్ట్ బైకు 1299 పానిగాలే నుంచి వచ్చింది. కేటీఎం 690 సూపర్‌మోటో ఇంజన్ చూడు, బోరు 105, స్ట్రోక్ 80. పిస్టన్ సగటు వేగం లెక్కేస్తే 690 ఇంజన్ 8,000 ఆర్పీఎం దగ్గర సెకనుకి 21.3 మీటర్లు. నీది 10,250 రెడ్‌లైన్ దగ్గర కూడా అదే 21.3. అంటే నీ ఇంజన్ పుట్టుకతోనే రేసు ఇంజన్ కొలతలతో వచ్చింది, అంత పైన తిరిగినా పిస్టన్ సగటు వేగం 690ని మించదు. దానికి ఇంకో ఏడు గుర్రాలు కలపడం కంటే ఉన్నవాటిని మలుపు నుంచి ముందుగా వాడుకోవడం నేర్చుకుంటే లాభం.

సింగిల్ సిలిండర్ బండ్లతో రోడ్ రేసింగ్ కొత్త సంగతి కాదు. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో మామూలు రోడ్ల మీద జరిగే టీటీ రేసుల్లో 1990లలో సింగిల్స్‌కి విడిగా రేసు ఉండేది. డుకాటి 1993లో సూపర్‌మోనో అని ఒక్క సిలిండర్ రేస్ బండి చేసింది, మొత్తం డెబ్బై లోపే తయారయ్యాయి. అది 549 సీసీ. కుదుపు తగ్గించడానికి వాళ్లు రెండో సిలిండర్ స్థానంలో ఒక ఉత్తి కనెక్టింగ్ రాడ్ పెట్టారు. నీ బండిలో ఆ పని రెండు బ్యాలెన్సర్ షాఫ్టులు చేస్తున్నాయి. నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప ఉదాహరణ డేవ్ మోరిస్. 1997, 98, 99 మూడేళ్లూ వరసగా సింగిల్స్ టీటీ గెలిచాడు. ఆయన బండిలో ఉన్నది బీఎండబ్ల్యూ ఎఫ్650 ఇంజన్, జనం రోజూ ఆఫీసుకి నడుపుకునే బండిది. దాన్ని రేసు కోసం కట్టిన ఛాసిస్‌లో పెట్టారు. ఆ ఫలితాలు చూస్తేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

సింగిల్‌కి ఒక స్వభావం ఉంది, థ్రాటిల్ మూయగానే వెనక చక్రాన్ని గట్టిగా ఆపుతుంది. నీకు వెనక భాగం తేలి అటూ ఇటూ పోవడంలో ఇది కూడా ఒక కారణం. నీ బండిలో ఇంజన్ బ్రేక్ సెట్టింగ్ ఉంది, ముందు దాన్ని తక్కువలో పెట్టి ఒక సెషన్ నడుపు. పైసా ఖర్చు లేని పని.

పుత్తూరు రైడర్

టెక్నికల్ చెకింగ్ సంగతి ఎవరూ రాయలేదు, నేనే రాస్తా. ట్రాక్ డేకి అద్దాలు తీసి, లైట్లకి టేపు వేస్తే సరిపోతుంది గానీ, రేసుకి వెళ్తే అంతకు మించి అడుగుతారు. మన నేషనల్స్‌లో (జాతీయ ఛాంపియన్‌షిప్) ఎక్కువగా 165 సీసీ, 301–400 సీసీ లాంటి చిన్న క్లాసులే ఉంటాయి కాబట్టి, ఎంట్రీ ఫీజు కట్టేముందు ఆ ఏడాది రూల్ బుక్ చూసుకుని నీ బండి ఎక్కడ ఇముడుతుందో అడుగు. ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశపు మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య) లైసెన్స్ ఎలాగూ కావాలి.

సూపర్‌మోటోకి ఉన్న పెద్ద లోటు బెల్లీ పాన్. ఇంజన్ పగిలితే ఆయిలు ట్రాక్ మీద పడకుండా పట్టే తొట్టి అది, ఇంజన్ ఆయిల్, కూలెంట్ కలిపి మొత్తంలో కనీసం సగం అందులో నిలవాలి. దాని రంధ్రం పొడి రోజు మూసి ఉంచాలి, వాన పడితే తెరవాలి. నీ బండికి ఫెయిరింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) లేదు కాబట్టి బ్రాకెట్లు కూడా చేయించాలి. కూలెంట్ తీసేసి నీళ్లు పోసుకో, గ్లైకాల్ నేల మీద పడితే వెనక వచ్చేవాడు జారిపోతాడు. మన దగ్గర గడ్డకట్టే భయం లేదు.

డ్రెయిన్ బోల్టు, ఆయిల్ ఫిల్టర్, ఫిల్లర్ మూత, కాలిపర్ బోల్టులు అన్నిటికీ సేఫ్టీ వైర్ (బోల్టు వదులవకుండా కట్టే తీగ). సైడ్ స్టాండ్ తీసేస్తే దాని స్విచ్ సంగతి చూసుకో, లేకపోతే గేరు వేయగానే బండి ఆగిపోతుంది, ప్యాడక్‌లో నిలబడి ఎందుకు ఆగుతోందో తెలియక ఒకటే టెన్షన్.

చిత్తూరు టర్నర్

వైర్ కోసం బోల్టు తలకి రంధ్రం వేయడం గురించి ఒక్క ముక్క, ఇక్కడే అందరి డ్రిల్ బిట్లూ విరుగుతాయి. 1.5 మి.మీ. కోబాల్ట్ బిట్ తీసుకో. తల పక్క చదును మీద పంచ్‌తో గుంట పెట్టి, ముందు నిటారుగా కొంచెం లోతు వెయ్యి. బిట్ కుదురుకున్నాక అప్పుడు వాల్చి పక్క ముఖం వైపు తీయి. మొదటి నుంచే ఏటవాలుగా పెడితే జారి విరుగుతుంది. కటింగ్ ఆయిల్ చుక్కచుక్కగా వేస్తూ, స్పీడు తగ్గించి, ప్రతి రెండు మి.మీ.కి బిట్ బయటికి తీసి పొడి దులుపు. వైర్ 0.8 మి.మీ.ది. చుట్టినప్పుడు అది బోల్టుని బిగించే వైపే లాగాలి, వదులయ్యే వైపు లాగితే అది ఉన్నా లేనట్టే.

బ్యాలెన్సర్లు ఎన్ని ఉన్నా సింగిల్ సింగిలే, వణుకుతుంది. ప్రతి ముఖ్యమైన బోల్టు మీద తెల్ల పెయింటుతో గీత గీయి, గీత తల మీద నుంచి పక్క లోహం దాకా రావాలి. సెషన్ అయ్యాక గీత తెగిందా లేదా చూస్తే చాలు. అప్పుడే ఇంజన్ ఆయిల్ మట్టం కూడా చూడు.

84 కిలోలకి స్ప్రింగ్ లెక్క వేస్తా. నువ్వు ఈలోపు మూడు కొలతలు పంపు. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఫోర్కు లోపలి పైపు ఎంత బయట ఉంది, బండి దాని బరువుతో నిలబడినప్పుడు ఎంత, నువ్వు పూర్తి గేర్‌తో కూర్చున్నప్పుడు ఎంత. ఫోర్కు కాలికి ఒక జిప్ టై బిగించి నడిపితే ట్రాక్ మీద ఎంత దిగుతోందో కూడా తెలుస్తుంది. వెనక కూడా యాక్సిల్ నుంచి నిట్టనిలువుగా సీటు కింద ఒక గుర్తు దాకా అలాగే మూడు.

కొర్లగుంట 698

సరే అన్నా. ఎగ్జాస్ట్, 180 టైరు, క్లిప్-ఆన్లు మూడూ లిస్టులోంచి తీసేశాను. ఇంజన్ బ్రేక్ సెట్టింగ్ రాత్రే తగ్గించి పెట్టాను. ఆదివారం తమ్ముడు ఇంట్లో ఉంటాడు, వాడు బండి పట్టుకుంటే కొలతలు తీసి ఇక్కడే పెడతాను. ఫోర్కు విప్పాక కాట్రిడ్జ్ రాడ్ సైజు కూడా కొలిచి పంపుతాను, స్పేసర్లు మీ దగ్గరే చేయించుకుంటాను, చిత్తూరు వచ్చి తీసుకెళ్తా.

చిత్తూరు టర్నర్

రా తమ్ముడూ. రాడ్ సైజుతో పాటు కాట్రిడ్జ్ గొట్టం లోపలి సైజు కూడా రాసుకో, స్పేసర్ ఆ రెండింటి మధ్య ఎక్కడా రాసుకోకుండా తిరగాలి. ఫోర్కు విప్పినప్పుడు ఆయిల్ సీళ్లు కూడా కొత్తవి తెప్పించి పెట్టుకో, ఒకసారి తెరిచాక పాతవి మళ్లీ వేయొద్దు.